నలభై పొగాకు మొక్కల అర్జీ

మండల వ్యవసాయాధికారిగా నేను చివరిసారి పనిచేసిన చోటు కోనసీమలో, పి.గన్నవరం అక్విడెక్టు దాటి కొంతదూరం వెళ్ళాక వస్తుంది. మండలం పేరు రాయను. రాస్తే ఊరు తెలుస్తుంది, ఊరు తెలిస్తే ఇల్లు తెలుస్తుంది, ఆ ఇంట్లో ఇద్దరూ ఇప్పటికీ నాకు పండక్కి ఫోన్ చేస్తారు. కొత్త జిల్లా ఏర్పడిన ఏడాది వానాకాలంలో అక్కడ చేరాను. ఇప్పుడు చెప్పబోయేది ఆ డిసెంబరులో మొదలై ఉగాది వెళ్ళాక ముగిసింది. అప్పటికి నా పదవీ విరమణ ఏడాదిన్నర దూరంలో ఉంది.

మా ఉద్యోగం సంగతి తెలియనివారికి రెండు మాటలు. మండల వ్యవసాయాధికారిని అందరూ ఏవో అంటారు. పైన డివిజనుకి సహాయ సంచాలకులు, కింద ఊరూరా గ్రామ వ్యవసాయ సహాయకులు. కోనసీమలో ఏవో పనంటే ముప్పాతిక మువ్వీసం వరి. కొబ్బరి ఉద్యాన శాఖవారిది, చేపా రొయ్యా మత్స్య శాఖవారివి. పొగాకు గోదావరి నడుమ తేలిన లంకల్లో వేస్తారు గాని నా మండలంలో పేరుకి కూడా లేదు. ముప్పై మూడేళ్ళ సర్వీసులో నేను పొగాకు మొక్కని చేత్తో ముట్టుకోలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో శిక్షణలో ఒక పూట పొగాకు గురించి చెప్పారు. అది మధ్యాహ్నం భోజనాల తర్వాతి క్లాసు. నా నోట్సులో దానికి సగం పేజీ ఉంది, ఆ సగం పేజీలోనూ చివరి రెండు వరుసలు కిందికి జారిపోయి ఉన్నాయి.

ఇక అర్జీల సంగతి. ప్రతి సోమవారం ప్రజల దగ్గర అర్జీలు తీసుకుంటారు. ఒక్కోదానికి ఒక నంబరు, ఒక గడువు. గడువులోగా పని చేసి, ఫొటో ఎక్కించి, అర్జీని మూసేయాలి. ఆ తర్వాత అర్జీదారుకి ఫోన్ వెళుతుంది, సంతృప్తేనా అని అడుగుతారు. తర్వాతెప్పుడైనా ఆయన కాదంటే అదే నంబరు మీద అర్జీ మళ్ళీ తెరుచుకుంటుంది. అలా తెరుచుకున్నవి జిల్లా సమీక్షలో తెరమీద ఎర్ర అక్షరాల్లో, అధికారి పేరుతో సహా కనిపిస్తాయి. నా పేరు ఎన్నడూ ఎర్రగా కనపడలేదు. ఆ గర్వం నాకు కొంచెం ఎక్కువగానే ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

డిసెంబరు చివర్లో వచ్చిన అర్జీ నాలుగు వరుసల్లో, ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. "నా పెరటియందు నలుబది పొగాకు మొక్కలు ఏపుగా ఎదుగుచున్నవి. అయినను ఆకునందు సత్తువ లేదు. పొగాకునకు వైద్యుడెవరో తెలియరాకున్నది. తగిన ఏర్పాటు చేయ ప్రార్థన." కింద సోమయాజులు, రిటైర్డు సంస్కృత పండితులు అని సంతకం. మొక్క అన్నారు కాబట్టి ముందు ఉద్యాన శాఖకి వెళ్ళింది. వాళ్ళు పొగాకు మాది కాదని ఒక్క వాక్యం రాసి నాకు పంపించేశారు. నేను ఎవరికి పంపాలో తెలియక స్కూటీ తీశాను.

సోమయాజులు మాస్టారికి డెబ్బై ఎనిమిదేళ్ళు. వాళ్ళది వేదం చదువుకున్న కుటుంబం. ఆయన చిన్నప్పుడు తండ్రి దగ్గర వేదం చెప్పుకుని, తర్వాత హైస్కూల్లో సంస్కృతం చెప్పి రిటైరయ్యారు. ఇంటి వెనక కొబ్బరితోట, తోట చివర కాలవగట్టు పక్కన నీడపడని జాగా. అక్కడ రెండేసి అడుగుల ఎడంలో నలభై మొక్కలు, తాడు పట్టి నాటినట్టు వరసగా ఉన్నాయి. నడుం ఎత్తు పెరిగాయి. చాలావాటికి నడినెత్తిన మొగ్గ వచ్చింది, రెండు మొక్కలకి అప్పుడే గులాబిరంగు పువ్వులు విచ్చుకున్నాయి. ఆ పువ్వు పూజకి పనికొస్తుందో రాదో అని మాస్టారు వారం రోజులుగా గ్రంథాలు తిరగేస్తున్నారట. నిషేధం ఎక్కడా కనపడలేదని చాలా తృప్తిగా చెప్పారు.

అర్జీలో రాయని అసలు విషయం అప్పుడు బయటపడింది. మాస్టారికి ఇరవయ్యో ఏటినుంచి నశ్యం అలవాటు. అమలాపురంలో ఆయనకి నశ్యం నూరి ఇచ్చే పెద్దాయన ఆ ఏడు శ్రావణంలో కాలం చేశారు. కొడుకులు ఆ కొట్టులో సెల్‌ఫోన్ల రిపేరు పెట్టారు. బజార్లో దొరికే ప్యాకెట్ పొడుం ఈయన ముక్కుకి ఆనలేదు. చిన్నప్పుడు ఈయనతో పాటు వేదం చెప్పుకున్న స్నేహితులు ముగ్గురు ఇంకా ఉన్నారు. ఏటా ఉగాది మర్నాడు నలుగురూ ఒకరింట్లో చేరతారు, ఈసారి వంతు మాస్టారిది. ఆ ముగ్గురివీ నశ్యం ముక్కులే. నశ్యం దొరకడం లేదని తెలిసి, మా డబ్బీలు మేమే తెచ్చుకుంటాంలే అని ఒకాయన ఫోన్లో వేళాకోళం చేశాడట. మాస్టారికి రోషం వచ్చింది. ఎవ్వరూ డబ్బీ తేవద్దు, మా పెరటి ఆకుతో నేనే నూరి పెడతాను అని మాట ఇచ్చేశారు. మాట ఇచ్చాక లంకల నుంచి నారు తెప్పించారు. కింది ఆకులు నాలుగు ముందే కోసి, ఎండబెట్టి నూరి చూస్తే బియ్యప్పిండి పీల్చినట్టుందట. ఉగాది మూడు నెలల్లో ఉంది.

నా సగం పేజీ నోట్సు బ్యాగులో ఉంది. కొబ్బరిచెట్టు చాటుకి వెళ్ళి ఒకసారి చూసుకుని వచ్చి చెప్పాను. పొగాకు మొక్క పువ్వు పూసి గింజ కట్టడానికి బలమంతా పైకి పంపేస్తుంది. మొగ్గ రాగానే పై తల తుంచేయాలి. పన్నెండు ఆకులు ఉంచి ఆపైన తుంచితే బలం ఆకులకి మళ్ళుతుంది. ఆకు మందమెక్కి, జిగురు పట్టి, ఘాటు వస్తుంది. విత్తనం కావాలంటే ఒకటి రెండు మొక్కలు తుంచకుండా వదిలేయాలి. దీన్ని తలలు తుంచడం అంటారు.

మాస్టారి మొహం వాడిపోయింది. "మొవ్వు తీసేస్తే చెట్టు చచ్చిపోదుటమ్మా?" అన్నారు.

ఆ ప్రశ్న కోనసీమ మనిషి తప్ప ఇంకెవరూ వెయ్యరు. కొబ్బరిచెట్టుకి నడినెత్తిన ఉన్నది ఒక్కటే మొవ్వు, కొత్త ఆకులన్నీ అందులోంచే రావాలి. కొమ్ము పురుగు దాన్ని తొలిచినా, మొవ్వు కుళ్ళు తెగులు సోకినా చెట్టు ఇక మిగలదు. పుట్టిన దగ్గర్నుంచి మొవ్వుని కాపాడుకోవడమే వ్యవసాయమని చూసినవాళ్ళకి, నేను వచ్చి నలభై తలలు తుంచమంటున్నాను. పొగాకు కొబ్బరి కాదని నేనెంత చెప్పినా ఆయన చెయ్యి మొక్క మీద అడ్డంగానే పెట్టుకున్నారు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. మూలనున్న బక్కమొక్క ఒక్కదాని తల తుంచాలి. వారం చూడాలి. బతికితే మిగతావి.

తల నేనే తుంచాను. మాస్టారు అటు తిరిగి నిలబడ్డారు.

ఆ వారమంతా రోజూ ఉదయం ఏడున్నరకి ఫోన్ వచ్చేది. "ఇవాళ కూడా బతికే ఉందండి" అనేవారు, అంతే. మూడోరోజు నాక్కూడా ఆ ఫోన్ కోసం ఎదురుచూపు పట్టుకుంది. ఎనిమిదో రోజున వెళ్ళి చూస్తే బక్కమొక్క ఆకులు అరచెయ్యంత వెడల్పు పెరిగి పక్క మొక్కల్ని వెక్కిరిస్తున్నాయి. పువ్వు విచ్చిన రెండింటినీ విత్తనానికి వదిలి, మిగతా ముప్పై ఏడు మొక్కల తలలూ ఆ పూటే తుంచేశాను. ఫొటో తీశాను, ఎక్కించాను, అర్జీ మూసేశాను. సంతృప్తేనా అని ఫోన్ వస్తే మాస్టారు సంతృప్తేనన్నారు. నేను ఇంటికి వెళ్ళి మా ఆయనకి పొగాకు మీద అరగంట ఉపన్యాసం ఇచ్చాను.

వెళ్ళేముందు మాస్టారికి ఒక మాట చెప్పాను, అది నిజం. వారానికోసారి ఆకుల పక్క నుంచి వచ్చే పిలకలు తీసేస్తూ ఉండండి అన్నాను. ఆయన "ఆయ్" అన్నారు. నేనూ ఈ జిల్లాలోనే పుట్టాను. ఆయ్ అంటే విన్నామని చెప్పడమేగాని చేస్తామని హామీ ఇవ్వడం కాదని నాకు తెలిసుండాల్సింది.

మూడు వారాలు తిరక్కుండా అర్జీ మళ్ళీ తెరుచుకుంది. సమీక్షలో నా పేరు ఎర్రగా కనిపించింది. ఎదురుగా పొగాకు అన్న మాట చూసి, మీ మండలంలో పొగాకు ఎక్కడిదమ్మా అని మా సహాయ సంచాలకులు అడిగారు. నలభై మొక్కలున్నాయి సార్ అన్నాను. హాల్లో నవ్వారు. నాకు చాలా సిగ్గేసింది. మీటింగు అవ్వగానే తిన్నగా మాస్టారింటికే వెళ్ళాను.

పెరట్లో అడుగుపెట్టి నిలబడిపోయాను. ఒక్క తల తీసిన ప్రతి మొక్కకీ ఎనిమిదేసి తొమ్మిదేసి తలలు లేచాయి. ఆకు కాడకీ కాండానికీ మధ్యన ప్రతి కణుపులోంచీ జానెడేసి పిలకలు, కొన్నింటికి మళ్ళీ మొగ్గలు. అంతకన్నా ఆశ్చర్యం, ప్రతి పిలకకీ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి ఉంది. మొక్కల మొదట్లో చిన్న పళ్ళెం, అందులో అరటిపండు ముక్క. కాలవగట్టు మీద ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు నిలబడి దణ్ణం పెట్టుకుంటున్నారు.

ఇది కూడా కొబ్బరి మనుషుల పద్ధతే. కొబ్బరిచెట్టుకి రెండో తల రావడమంటే తరానికోసారి కనిపించే వింత. సముద్రం వైపు ఏదో ఊళ్ళో రెండు తలల చెట్టుందంటే జనం ఆటోలు కట్టించుకుని వెళ్ళి చూసొస్తారు. ఇక్కడ ఒక తల తీస్తే తొమ్మిది తలలొచ్చాయి, అదీ ముప్పై ఎనిమిది మొక్కలకి. నేను చంపేశాననుకున్నది దేవుడు నిలబెట్టాడని మాస్టారు కళ్ళు తడిచేసుకుని చెప్పారు. మరి అర్జీ ఎందుకు తెరిచారండీ అని అడిగాను. ఆకులో మాత్రం సత్తువ రాలేదమ్మా, మళ్ళీ రెండాకులు నూరి చూశాను, అదే బియ్యప్పిండి అన్నారు. ఆ రెండు విషయాలకీ సంబంధం ఉండొచ్చని ఆయనకి తోచలేదు.

బలమంతా ఆ పిలకలే తాగేస్తున్నాయని నేను చెప్పబోతే చెయ్యెత్తి ఆపేశారు. పూజలందుకున్నవాటిని గిల్లడమా అన్నారు. చేతులు కడుక్కుంటానని లోపలికి వెళ్ళాను.

మాస్టారి భార్య కామేశ్వరమ్మగారు వంటింట్లో కాఫీ కలుపుతున్నారు. ఆవిడ తక్కువ మాట్లాడే మనిషి. గ్లాసు చేతికిచ్చి, పెరటి తలుపు దగ్గరగా వేసి వచ్చారు. అప్పుడు చెప్పారు. పసుపు కుంకుమలు మొదలెట్టింది మాస్టారు కాదట, ఆవిడేనట. పక్కనే కాలవగట్టు మీద ఉండే సత్తెమ్మ ఒకరోజు కంచె దగ్గర నిలబడి, అమ్మగారండీ పిలకలు తీయించకపోతే ఆకు పనికి రాదండి అని మాటవరసకి అందట. మర్నాడు ఉదయమే ఈవిడ కుంకుమ భరిణె తీసుకుని పెరట్లోకి వెళ్ళారు.

"నలభై ఆరేళ్ళు ఆ చేతిరుమాళ్ళు ఉతికేనమ్మా. నశ్యం మరక సబ్బుకి పోదు, ఉడకబెట్టాలి. మొన్న శ్రావణం నుంచి నేను హాయిగా ఉన్నాను. ఇంట్లోనే పండితే ఇంకేముంది, నేను పోయేదాకా ఉతకడమే" అన్నారు.

బొట్టు పెట్టినదాన్ని భర్త తుంచడని ఆవిడకి తెలుసు. పిలకలు ఉంటే ఆకు పాడవుతుందని తెలుసు. ముప్పై మూడేళ్ళలో ఎన్నో చీడలూ తెగుళ్ళూ చూశాను గాని ఇంత తెలివైన దెబ్బ ఏ పంట మీదా చూడలేదు. నాకు నిజంగానే ఆవిడ మీద జాలేసింది, ఆవిడ పక్షమే సరైనదనీ అనిపించింది. కాని అర్జీ ఆవిడ పేరు మీద లేదు. విన్నది విన్నట్టే కడుపులో దాచుకుని పెరట్లోకి వచ్చాను.

వచ్చేసరికి సత్తెమ్మ రాలిన కొబ్బరిమట్టలు పోగేస్తోంది. ఆవిడ భర్త ఉన్నన్నాళ్ళూ గోదావరిలో పడవ నడిపాడు. ఇప్పుడు మాస్టారి తోటలో మట్టలు తీసుకెళ్ళి ఈనెలు చీల్చి చీపుళ్ళు కడుతుంది. డెబ్బై దాటిన మనిషి. నోట్లో చుట్ట. ఆ చుట్టకి ఆకు తన గుడిసె వెనక గట్టు మీద వేసుకున్న పాతిక మొక్కల్లోంచే వస్తుంది. ఆ గట్టు మాస్టారి పెరట్లోంచి కనిపిస్తూనే ఉంటుంది. నేను అప్పటికి మూడుసార్లు వచ్చాను, ఒక్కసారీ అటువైపు చూడలేదు.

మాస్టారూ నేనూ మళ్ళీ వాదించుకోవడం కాసేపు విని, సత్తెమ్మ కొంగుముడి విప్పింది. కిందటేడు ఆకు ముక్క ఒకటి తీసి అరచేతిలో నలిపింది. మాస్టారు ఎండబెట్టిన ఆకు ఇంకో చేత్తో నలిపింది. రెండు పొడులూ అరిటాకు ముక్కల మీద పోసి ముందు పెట్టింది.

"బాబుగారండీ, కుంకుం నేను చెరపమన్ను. మీ ముక్కునే అడగండి" అంది.

మాస్టారు ముందు తన పొడి తీసుకున్నారు. ఏమీ కాలేదు. తర్వాత సత్తెమ్మది చిటికెడు పట్టారు. పట్టి, తల పైకెత్తి, కళ్ళు మూసుకున్నారు. అలవాటున్న ముక్కుకి మామూలుగా తుమ్ము రాదు. ఆయనకి వరసగా పదకొండు తుమ్ములొచ్చాయి. కొబ్బరిచెట్టు మీద కాకులు లేచిపోయాయి. గట్టు మీద దణ్ణాలు పెట్టుకుంటున్న ఆడవాళ్ళు శుభమా అశుభమా తెలియక లెక్కపెట్టడం మొదలెట్టారు.

తుమ్ములయ్యాక ఆయన రుమాలుతో ముక్కు తుడుచుకున్నారు. ఇది ఎలా వచ్చిందని అడిగారు. సత్తెమ్మ చెప్పింది. "తల తీసేసి ఊరుకుంటే సరిపోద్దేటండి. తల ఓసారి తీత్తాం, పిలక అయిదారుసార్లు తియ్యాలండి. వదిలేత్తే ఆకు బలం అదే తినేత్తాది." నేను మూడుసార్లు వచ్చి చెప్పలేనిది ఆవిడ మూడు మాటల్లో తేల్చేసింది.

మాస్టారు లేచి కాళ్ళు కడుక్కున్నారు. పీట వేసుకుని మొక్కల ముందు కూర్చున్నారు. ఆయన ఏం చేస్తున్నారో మొదట నాకు అర్థం కాలేదు. వినాయక చవితికి పూజచేసిన విగ్రహాన్నయినా మూడోనాడో తొమ్మిదోనాడో కదుపుతాం కదా. అలా కదిపేముందు దేవుణ్ణి తన చోటికి వెళ్ళమని ప్రార్థించడాన్ని ఉద్వాసన చెప్పడమంటారు. మాస్టారు ముప్పై ఎనిమిది మొక్కలకీ, వాటి మీద ఉన్న మూడొందల పైచిలుకు పిలకలకీ శాస్త్రోక్తంగా, స్వరం తప్పకుండా ఉద్వాసన చెప్పారు. ముప్పావు గంట పట్టింది. పూజ మొదలెట్టడం ఎంత తేలికో ముగించడం కూడా తెలిసినవాడికి అంతే తేలిక.

వంటింటి గుమ్మంలో నిలబడి కామేశ్వరమ్మగారు మొత్తం విన్నారు. ఆవిడ ఎత్తు ఆయన చదువు ముందు ఆగలేదు. కాని ఆవిడ కూడా తేలిగ్గా వదలలేదు. ఆయన పీట మీంచి లేవగానే మా ఇద్దరి ఎదుటా అడిగారు.

"ఇకనించీ మీ రుమాళ్ళు మీరే ఉతుక్కుంటారా?"

మాస్టారు నా వైపు చూశారు. నేను కొబ్బరిచెట్ల వైపు చూశాను. "ఆయ్" అన్నారాయన. ఆవిడ ఆ మాటకి తృప్తి పడలేదు. సూర్యుడి వైపు తిరిగి చెప్పమన్నారు. చెప్పారు.

పిలకలు మర్నాడు ఉదయం తీద్దామన్నాను. పొద్దున్నే అయితే పిలక నీరు పట్టి ఉండి పుటుక్కున విరుగుతుందని నా నోట్సులో ఉంది. దాని కిందనే, జారిపోయిన రెండు వరుసల్లో, మంచు ఆరేదాకా ఆగాలని కూడా ఉందని తర్వాత తెలిసింది. జనవరి చివర కోనసీమలో మంచంటే చూరునుంచి నీళ్ళు కారతాయి. నేను ఆరున్నరకే వెళ్ళి, సత్తెమ్మ వచ్చేలోగా నా పరువు నిలబెట్టుకుందామని ఒక్కదాన్నే మొదలెట్టాను. పది మొక్కలయ్యేసరికి చీరా చేతులూ తడిసి ముద్దయ్యాయి. పన్నెండో మొక్క దగ్గర కొబ్బరిచెట్లు నెమ్మదిగా తిరగడం మొదలెట్టాయి. తడి ఆకు మీది పొగాకు రసం చర్మంలోంచే ఒంటికి ఎక్కేస్తుంది. జీవితంలో చుట్టా బీడీ ఎరగని నేను, ముప్పై మూడేళ్ళ సర్వీసున్న గెజిటెడ్ అధికారిని, మాస్టారి పెరట్లో కాలవగట్టు పట్టుకుని వాంతి చేసుకున్నాను.

సత్తెమ్మ వచ్చి నన్ను చూసి ముందు నవ్వింది, తర్వాతే పట్టుకుంది. చేతులూ మొహం కడిగించి, తడి చీర మార్పించి, మజ్జిగ తాగించి అరుగు మీద పడుకోబెట్టింది. "మేడంగారికి చుట్ట పట్టేసిందండి" అని లోపలికి కేకేసింది. ఎండ ఎక్కి ఆకు ఆరాక ఆవిడా మాస్టారూ కలిసి మిగతావి తీశారు. నేను పడుకునే చూసి నేర్చుకున్నాను. పిలకని పైకి లాగకూడదు, ఆకు కూడా ఊడొస్తుంది. రెండు వేళ్ళతో మొదట్లో పట్టి పక్కకి వంచాలి. జానెడు పెరిగేదాకా ఆగకూడదు, బెత్తెడున్నప్పుడే తీసేయాలి. పని అయ్యేసరికి ఇద్దరి చేతులూ జిగురుతో నల్లగా అట్టకట్టేశాయి. సబ్బుకి లొంగలేదు. కామేశ్వరమ్మగారు చింతపండు తెచ్చి, భర్త చేతిలో పెట్టి, మీరే కడుక్కోండి అన్నారు.

ఒక కణుపులో పిలక తీస్తే పక్కనే రెండోది సిద్ధంగా ఉంటుంది, అది తీస్తే మూడోది. పెద్ద తోటల్లో దీనికి మందు వాడతారు. తుంచిన కాండం మీద కాస్త పోస్తే అది కిందికి జారుతూ ప్రతి కణుపునీ తడిపి మొగ్గని మాడ్చేస్తుంది. ఆ మందు మా చుట్టుపక్కల దొరకలేదు. నూనె చుక్క వేసినా కొంతవరకు పని చేస్తుందని నోట్సులో ఉంది. కోనసీమలో నూనెకి కొదవా. కామేశ్వరమ్మగారు తన కుట్టుమిషనుకి నూనె వేసే పొడుగు మూతి డబ్బా ఇచ్చారు, అందులో సొంత కొబ్బరినూనె పోసి. ఒక్కో కణుపుకి రెండు చుక్కలు. మొదటిరోజు మాస్టారు అభిషేకంలా ధారగా పోసేసి నాలుగు మొక్కల ఆకులు మాడ్చారు. తర్వాత చెయ్యి కుదిరింది. నూనెకి లొంగని పిలకల్ని వారానికోసారి సత్తెమ్మ వచ్చి గిల్లి వెళ్ళేది.

ఫిబ్రవరి చివరికి ఆకు దళసరై, ముడతలు తేలి, మీద పసుపు మచ్చలు వచ్చాయి. ముట్టుకుంటే వేలు అతుక్కుంటోంది. ఆకు పక్వానికి వచ్చిందనడానికి అవే గుర్తులని సత్తెమ్మ చెప్పింది. కోసి, కొబ్బరితాడుకి గుచ్చి, మూడు వారాలు ఆరగట్టారు. వేయించడం, నెయ్యి వేసి నూరడం మాస్టారే చేసుకున్నారు. ఉగాది మర్నాడు స్నేహితులు ముగ్గురూ వచ్చారు. ఒకాయన పంచె మడతలో డబ్బీ దాచుకుని తెచ్చాడట, అది చివరిదాకా బయటికి తియ్యలేదట.

నేను అర్జీని రెండోసారి మూసింది ఆ వారమే. సంతృప్తేనా అని అడిగే ఫోన్ సరిగ్గా నలుగురూ అరుగు మీద కూర్చున్నప్పుడు వెళ్ళింది. మాస్టారు ఎత్తి హలో అనబోయి తుమ్మారు. అవతల అమ్మాయి మళ్ళీ అడిగింది. ఈసారి నలుగురూ తుమ్మారు. చివరికి కామేశ్వరమ్మగారు ఫోన్ తీసుకున్నారు. ఆయనకి సంతృప్తేనమ్మా, నిక్షేపంగా రాసుకో అన్నారు. తర్వాత, ఇలాంటి అర్జీ ఆడవాళ్ళు కూడా పెట్టుకోవచ్చా అని అడిగారు.

ఆ స్నేహితులు ఒక పూట కోసం వచ్చి, నశ్యం కుదరడంతో తొమ్మిది రోజులు ఉండిపోయారు. మాస్టారు సూర్యుడికి ఇచ్చిన మాట తప్పలేదు. తన రుమాళ్ళు తానే ఉతుక్కున్నారు. ఆ ముగ్గురి రుమాళ్ళ గురించి మాత్రం ఆ మాటలో ఎక్కడా లేదు.

తర్వాతి సోమవారం నాకు కొత్త అర్జీ వచ్చింది. కొత్త నంబరు, కొత్త గడువు. "మా పెరటియందు విత్తనమునకని రెండు పొగాకు మొక్కలు విడిచినారు. ఒక్కొక్క కాయలో వేల గింజలుండునని వినుచున్నాను. తగిన వైద్యము చేయ ప్రార్థన." సంతకం కామేశ్వరమ్మగారిది.

నేను ఆ రోజే వెళ్ళాను. మాస్టారు స్నేహితుల్ని బస్సెక్కించడానికి రావులపాలెం వెళ్ళారు. పెరట్లో ఆ రెండు మొక్కలూ కాయలతో నిలబడి ఉన్నాయి, కాయ ఇంకా పచ్చిగానే ఉంది. తల ఎక్కడ పట్టాలో, ఎలా తుంచాలో ఆవిడకి చూపించాను. రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు. రెండో మొక్క తల తుంచుతున్నప్పుడు ఆవిడ మొహంలో చూసినంత సంతృప్తి నా సర్వీసులో ఏ అర్జీదారు మొహంలోనూ చూడలేదు. ఫొటో తీసి ఎక్కించాను. విత్తనం సత్తెమ్మ దగ్గర ఎప్పుడూ ఉంటుందన్న సంగతి ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు.

ఈ పనిలో నేను నేర్చుకున్నవి మూడు. సలహా చెప్పేముందు పక్క గట్టు మీద ఆ పంట ఎవరైనా పండిస్తున్నారేమో చూడాలి. తల తుంచడం ఒక్క పూట పని, పిలకలు కోతదాకా వస్తూనే ఉంటాయి, కాబట్టి మొదటి పని ఫొటోతో ఫైలు మూయకూడదు. పెరటి పంట అయితే, ఆ ఇంట్లో అది వద్దనుకునేవారు ఎవరో ముందే అడిగి తెలుసుకోవాలి. చార్జి అప్పగించేటప్పుడు నా తర్వాత వచ్చిన ఏవోకి ఈ మూడూ చెప్పాను. మొన్న డిసెంబరులో ఆయన ఫోన్ చేశాడు. మాస్టారి పెరట్లో ఈసారి అరవై మొక్కలున్నాయని, ఒకే ఇంటి నుంచి ఒకే సోమవారం రెండు అర్జీలు వచ్చాయని చెప్పి, ఏది ముందు పరిష్కరించమంటారు మేడం అని అడిగాడు.